తొట్టిలో చోటు

మగ్గు ముంచి, చెయ్యి తల దాటేంత ఎత్తుకు లేపి, నీళ్లను సన్నని ధారగా వదలాలి. ధార తొట్టిలోకి సూటిగా పడాలి, తెల్లగా బుడగలు లేవాలి, ఆ బుడగల్లో ఉన్న పిసరంత గాలి మీదే ఎరచేపల ప్రాణాలన్నీ ఆధారపడి ఉన్నాయి, మళ్లీ ముంచాలి, మళ్లీ లేపాలి, మధ్యమధ్యలో పాత నీళ్లు కాసిని తోడి పారబోసి బకెట్‌తో కొత్త సముద్రపు నీళ్లు కలపాలి, అదీ గుమ్మరించకూడదు, అంచు వెంబడి జారవిడవాలి, లేకపోతే బెదిరిపోయి ఒకదాన్నొకటి గుద్దుకుని పొలుసులు రాల్చుకుంటాయి. మెకానిక్‌కి భుజం అప్పుడే పీకుతోంది. పోటు తిరిగేదాకా పెద్ద చేపలు ఈ మునిగిన రాతిగుట్ట దగ్గరికి రావు, అవి వచ్చేదాకా ఇవి బతికుండాలి, చచ్చిన ఎరను పెద్ద చేప కన్నెత్తి కూడా చూడదు, గాలానికి గుచ్చాక కూడా తోక కొట్టుకుంటూ ఉండాలి దానికి. ఇంకో గంట పడుతుందన్నాడు పడవ ముందు భాగంలో కూర్చున్న బావమరిది. అనేసి, దారానికి కట్టిన ముడిని వేళ్లతో లాగి చూసుకుంటూ నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయాడు. వాడిది మొదట్నుంచీ అదే తీరు. పొద్దున పడవ ఎక్కేటప్పుడూ అంతే, ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టి, "అక్క నీకో మాట చెప్పమంది బావా" అన్నాడు. మెకానిక్ చేతిలోంచి తాడు జారిపోయింది. "ఏమంది?" అన్నాడు. "పని అయ్యాక చెప్పమంది" అని రెండో కాలు కూడా లోపల పెట్టి కూర్చున్నాడు, అయిపోయింది, ఆ నోరు మళ్లీ తెరవాలంటే పని అవ్వాల్సిందే.

పని అయ్యాక అంటే మంచి మాటా, చెడ్డ మాటా? మంచి మాటైతే ముందే చెప్పొచ్చుగా, మనిషి హుషారుగా పని చేసుకుంటాడు. చెడ్డదైతే పని పాడవుతుందని ఆపి ఉంటుంది, ఆమెకు పని ముఖ్యం, పడవ ఆమె తండ్రిది మరి, ఆయన పోయినా తెల్లారేసరికి గాలాలన్నీ తుడిచి నూనె రాసి పెట్టిన మనిషి. లేదూ, మంచి మాటేనేమో, ముందే చెప్తే ఈయన తబ్బిబ్బై చేపల్ని చంపుకుంటాడు అనుకుని ఉంటుంది. ఇప్పుడు మాత్రం బతికించుకుంటున్నాడా ఏమిటి? మెకానిక్ మగ్గు లేపాడు, వదిలాడు. తొట్టి మీద కప్పిన తడి గోనెపట్టాను ఒక పక్కకు తీసి చూశాడు. చేపలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, గుండ్రటి తొట్టిలో ఒకే వైపు, ఒకదాని పక్కన ఒకటి, చెయ్యి పెట్టడానికి సందు లేకుండా. వాటి వరస మాత్రం చెడింది. బాగున్నప్పుడు అన్నీ ఒకే లోతులో తిరుగుతాయి, ఇప్పుడు కొన్ని పైకీ కొన్ని కిందికీ పోతున్నాయి, ఒకటీ అరా అడ్డం తిరుగుతున్నాయి. ఏం కాదు, తేరుకుంటాయి, అనుకున్నాడు. మెకానిక్‌కి ఏ విషయంలోనైనా మొదట తోచే మాట అదే.

తొట్టిలోకి నీళ్లు తోడే పంపు కాలిపోయింది. పడవ లంగరు వేసి ఇంజిన్ ఆపిన కాసేపటికి సన్నగా మాడు వాసన వచ్చింది, మూత విప్పి చూస్తే లోపల చుట్టిన తీగంతా నల్లగా అయిపోయి ఉంది, ఇక్కడ చేసేదేం లేదు. రేవులో ఎవరి ఇంజిన్ మొరాయించినా మెకానిక్‌ని పిలవండి అంటారు. పడవకు యజమానై ఇన్నేళ్లయినా వాళ్లకు అతను మెకానిక్కే, మామగారి ఇంజిన్ బాగుచెయ్యడానికి వచ్చి పిల్లను ఎగరేసుకుపోయిన మెకానిక్. అలాంటి వాడి పడవలోనే పంపు కాలిపోతే, దీపం కిందే చీకటి అని నవ్వుకుంటారు. ఇంకో పంపు ఉంది, లేక కాదు. ఎప్పుడూ పడవలో, బల్ల కింద, గుడ్డలో చుట్టి ఉండేది. ఇప్పుడది ఇంట్లో ఉంది. డాబా మీది ట్యాంకుకు నీళ్లు ఎక్కిస్తోంది. ఇంట్లో ఉన్న మోటారు ఒక్కటే ఇంతమందికి సరిపోక, పొద్దున్నే పిల్లలు స్నానాల గది తలుపు బాదుతుంటే, చెల్లెలు ఖాళీ బకెట్ పట్టుకుని వసారాలో నిలబడితే చూడలేక, తనే తీసుకెళ్లి తనే బిగించాడు. భార్య అప్పుడు గడపలో నిలబడి చూసింది. "అది పడవది కదా" అంది. "రెండ్రోజులే" అన్నాడు.

రెండ్రోజులకు వచ్చినవాళ్లే అందరూ. ముందు మేనత్త వచ్చింది, కంటి ఆపరేషన్ తర్వాత చుక్కల మందు వేసేవాళ్లు లేరని. చిన్నప్పుడు తల్లి లేని పిల్లల్ని పెంచిన మనిషి, రావద్దంటాడా? ఆ తర్వాత చెల్లెలు, ఆమె భర్త టైలరు, వాళ్లిద్దరి పిల్లలు, టైలరు కొట్టు ఉన్న వరస మొత్తం కూల్చేస్తే. కుట్టుమిషను నడవలో పెట్టారు, రాత్రి నీళ్లకు లేచినవాళ్లకి దాని పెడలు తగిలి మడమ చెక్కుకుపోతుంది. రెండు గదులు, ఒక వసారా. మెకానిక్‌కి మాత్రం, నిజం చెప్పాలంటే, బాగుండేది. సాయంత్రం వీధి మలుపు తిరిగేసరికి తన ఇంట్లోంచి వినపడే చప్పుడు, మిషను, పిల్లల గోల, అత్త దగ్గు, గిన్నెల మోత, ఇదంతా నాది అనిపించేది, ఈ ఊళ్లో నా అనేవాళ్లు లేని మెకానిక్‌గా రేవులో దిగినవాడికి ఇంత ఇల్లు, ఇంతమంది. గుమ్మం ముందు చెప్పులు చూసుకుని పొంగిపోయేవాడు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని బావమరిది ఒకసారి అన్నాడు, వాడు అన్న మాటలన్నీ కలిపినా పది లేవు, అందులో ఒకటి అది. మెకానిక్ నవ్వి వాడి వీపు మీద చరిచాడు.

గోనెపట్టా ఆరిపోతోంది, తడపాలి. ఎండ నెత్తిమీది నుంచి కాస్త పక్కకు జరిగింది, నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతోంది. పడవ లంగరు తాడు చుట్టూ మెల్లగా తిరుగుతోంది, ఇటు తిరిగితే ఒడ్డు కనిపిస్తుంది, సన్నటి గీత, అటు తిరిగితే ఏమీ లేదు. అతను లేచాడు, కూర్చున్నాడు, ఇంజిన్ మీది మూత ఊరికే తీసి పెట్టాడు, కాలిపోయిన పంపు వైపు ఇంకోసారి చూశాడు, కాలుగాలిన పిల్లిలా ఆ నాలుగడుగుల్లోనే తిరిగి మళ్లీ తొట్టి దగ్గరికే వచ్చి మగ్గు అందుకున్నాడు. తొట్టి దగ్గర ఇలా నిలబడవలసింది తను కాదు. ఇది భార్య చోటు. పెళ్లైన కొత్తలో ముగ్గురూ వచ్చేవాళ్లు, ఇంజిన్ దగ్గర తను, దారం దగ్గర ఆమె తమ్ముడు, తొట్టి దగ్గర ఆమె. ఆమె ఉన్నప్పుడు పంపు ఉన్నదీ లేనిదీ కూడా తెలిసేది కాదు. మొదటిసారి తను ఉత్సాహంగా చెయ్యి ముంచి ఒక చేపను పట్టుకోబోతే మణికట్టు మీద ఫట్‌మని కొట్టింది. "పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురంతా నీ చేతికే వచ్చేస్తుంది. ముందు చెయ్యి తడుపుకో" అంది. తడుపుకున్నాడు. "ఇంకా" అంది. చల్లబడేదాకా అతని చేతిని తన చేత్తోనే నీళ్లలో పట్టుకుని ఉంచింది, తమ్ముడు అటు తిరిగి కూర్చుని సముద్రాన్ని శ్రద్ధగా చూశాడు. ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తే.

ఆమెకు ఇంకో లెక్క ఉండేది. తొట్టి నిండుగా కనిపిస్తే అప్పటికే ఎక్కువైనట్టు, అనేది. మెకానిక్‌కి అది ఎప్పుడూ ఎక్కలేదు. రేవులో నీళ్లలో దించి ఉంచిన ఎరచేపల వలగూడు దగ్గరికి పొద్దున తను ఒక్కడే వెళ్లాడు, చేతివలతో ఎత్తి తొట్టిలో వేశాడు, ఇంకోసారి ఎత్తాడు, ఇంకోసారి. చాలకపోతే? పెద్ద చేపలు వరసగా పట్టుకుంటున్నప్పుడు ఎర అయిపోతే? ఈరోజు మామూలు రోజు కాదు, ఈరోజు పెద్ద చేపను పట్టి, భుజానికెత్తుకుని, రేవులో అందరూ చూస్తుండగా తిన్నగా బావమరిది ఇంటికి నడవాలి, గుమ్మంలో దించి, ఆమెతో పద ఇంటికి అనాలి. ఖాళీ చేతులతో ఆ మాట ఎలా అంటాడు? అందుకని ఇంకోసారి ఎత్తాడు. బావమరిది చూసి, "ఎక్కువయ్యాయేమో" అన్నాడు. "ఉంటే తప్పేముంది" అన్నాడు తను.

అదిగో, తొట్టిలోవి గాలి కోసం పైకి వచ్చేశాయి. మొదట ఒకటి, తర్వాత ఐదారు, చూస్తుండగానే పైనంతా మూతులే, నీళ్ల అంచుకు వచ్చి తెరుస్తూ మూస్తూ. ఒకటి పక్కకు ఒరిగింది, తెల్లటి పొట్ట కనిపించింది, మళ్లీ నిలదొక్కుకుంది. మెకానిక్ రెండు చేతులతో బకెట్ ఎత్తి గబగబా పోశాడు, బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి, నీళ్ల మీద పొలుసులు తేలాయి, ఛ, అంచు వెంబడి పోయాలని తెలుసు, తెలిసీ పోశాడు. నురగ కట్టిన నీళ్లు ముట్టుకుంటే చేతికి జారుగా తగిలాయి.

"కొన్ని వదిలెయ్ బావా" అన్నాడు బావమరిది తల తిప్పకుండా.

"తేరుకుంటాయిలే. ఆగు కాస్త."

"నీ ఇష్టం."

నీ ఇష్టం. ఇంట్లో కూడా అందరూ అదే అంటారు, అంతా నీ ఇష్టమే అన్నట్టు, తీరా ఇష్టమైనట్టు ఏదీ ఉండదు. ఆమె మాత్రం అనలేదు. ఆమె ఏమీ అనలేదు, అదే ఇప్పుడు గుచ్చుకుంటోంది. ఆ ఆదివారం అందరూ భోజనాలకు కూర్చున్నారు, వసారాలో చోటు చాలక టైలరు గడప మీద కూర్చున్నాడు. ఆమె వేడి గిన్నె పట్టుకుని మధ్యలోంచి వస్తోంది, ఎవరి కాలో తగిలింది, గిన్నె జారి నేల మీద పడింది. ఆమె గట్టిగా ఒక్క మాట అంది, ఏమందో కూడా గుర్తు లేదు, కాళ్లు ముడుచుకోండి అనో ఏమో. మేనత్త కంటికి కట్టిన పచ్చగుడ్డ పైకెత్తి, "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా" అంది. అందరూ నవ్వారు. పిల్లలు అర్థం కాకుండానే నవ్వారు. చెల్లెలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనూ నవ్వాడు. నవ్వకపోతే అత్త చిన్నబుచ్చుకుంటుందని నవ్వాడు. ఆమె వంగి గిన్నె తీసి, నేల తుడిచి, మిగిలింది అందరికీ సర్ది పెట్టింది. సాయంత్రం ఎక్కడా కనిపించలేదు. వెతుక్కుంటూ రేవుకు వస్తే, కట్టేసి ఉన్న పడవలో, ఈ తొట్టి అంచు మీదే కూర్చుని జుట్టు విప్పుకుని దువ్వుకుంటోంది. "ఇక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు. "గాలి వస్తోంది" అంది. దగ్గరికెళ్లి కూర్చుని ఉండాల్సింది. పక్కన చోటు కూడా ఉంది. తను ఏమన్నాడు? "అందరూ టీ కోసం చూస్తున్నారు, పద" అన్నాడు. మర్నాడు పొద్దున ఆమె దువ్వెన, తలగడ తీసుకుని తమ్ముడి ఇంటికి వెళ్లింది. బట్టలు ఇంట్లోనే ఉన్నాయి. బట్టలు ఉన్నాయి కాబట్టి వచ్చేస్తుందని మొదటి రెండు రోజులూ ధైర్యంగా ఉన్నాడు. మూడో రోజు బీరువా తెరిచి చూస్తే ఆమె చీరల అరలో చెల్లెలి పిల్లల బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఆమె చీరలు ఎప్పట్నుంచి మంచం కింద సంచిలో ఉంటున్నాయో అతనికి తెలియదు.

ఒకటి చచ్చింది. తేలి, మిగతావాటి వీపుల మీద కదులుతోంది. చచ్చినదాన్ని వెంటనే తీసెయ్యాలి. తీశాడు. దాని వెనకాలే ఇంకోటి. ఇంకెంత సేపు? పోటు తిరగలేదు, లంగరు తాడు ఇంకా అటే లాగుతోంది. అన్నీ పోతాయి. ఇలాగే మగ్గులు పోస్తూ కూర్చుంటే అన్నీ వరసగా పోతాయి, సాయంత్రానికి తొట్టెడు చచ్చిన చేపలతో రేవులో దిగుతాడు, బావమరిది ఇంటికి అడుగు కూడా పడదు. వదలాలి. ఏవి వదలాలి? ఇది గట్టిగా ఉంది, ఎరకు పనికొస్తుంది. అదీ గట్టిగానే ఉంది. నీరసించినవాటిని వదిలితే చావమని తోసేసినట్టు. ఒక్కొక్కదాన్నీ చూస్తే ఒక్కటీ వదలబుద్ధి కాదు, అదే కదా రోగం. టైలరు ఎప్పుడో చెప్పాడు. అవును, చెప్పాడు. నడవలో మిషను మీద వంగి, సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అన్నాడు, "చేపల మార్కెట్ వెనక వీధిలో ఒక గది, వంటిల్లు ఖాళీగా ఉన్నాయట, ముందు మిషను పెట్టుకోవడానికి అరుగు కూడా ఉంది, వెళ్దామనుకుంటున్నాం బావగారూ" అని. చెల్లెలు తలుపు వెనక నిలబడి ఉంది. భార్య కూడా ఉంది, పిల్లవాడికి జుట్టు దువ్వుతూ, దువ్వెన ఆగిపోయింది, ఇప్పుడు కనిపిస్తోంది ఆ ఆగిన దువ్వెన. తనేమన్నాడు? రొమ్ము విరుచుకుని, "ఇంత ఇల్లుండగా అద్దెకు పోతారా? నలుగురూ నన్నేమనుకుంటారు?" అన్నాడు. టైలరు సూది వైపే చూస్తూ సరేనన్నాడు. వాళ్లు పోతామన్నారు. వాళ్లకూ ఊపిరాడక పోతామన్నారు. మూత పెట్టి కూర్చున్నది తను.

ఆమె ఏరేది కాదు. అది ఇప్పుడు గుర్తొచ్చింది. తొట్టి ఎక్కువైందనిపిస్తే చేతివల తడిపి, కళ్లు ఎటో పెట్టుకుని, మధ్యలోంచి ముంచి ఎత్తేది, ఏవి వస్తే అవి. మెకానిక్ బల్ల కింద చెయ్యి పెట్టాడు, ఆమె చేతివల అక్కడే ఉంది, పిడికి గుడ్డ చుట్టి. సముద్రంలో ముంచి తడిపాడు. తొట్టి మధ్యలో ముంచాడు. ఎత్తితే వల బరువుగా, మిలమిల్లాడుతూ వచ్చింది, చెయ్యి అప్రయత్నంగా తొట్టి మీదే ఆగింది, పోనీ ఇవి ఉంచుకుని, ఇంకోసారి, ఛీ. పడవ అంచు దాటించి బోర్లించాడు. ఒక్కసారి వెండిలా మెరిసి, కిందికి, పచ్చటి చీకట్లోకి, లేవు. ఇంకోసారి ముంచాడు. ఏడుపు వచ్చింది, దేనికో తెలియలేదు, చేపల కోసం ఏడ్చే మెకానిక్‌ని ఎవరైనా చూస్తే నవ్విపోతారు, బావమరిది మాత్రం వెనకటిలాగే అటు తిరిగి సముద్రాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు. ఇంకోసారి. సగం పైనే పోయాయి. తర్వాత మగ్గు అందుకుని పోశాడు, పోశాడు, అంచు వెంబడి కొత్త నీళ్లు జారవిడిచాడు. తొట్టి అడుగు కనిపించింది, చాలా కాలం తర్వాత చూశాడు దాన్ని, నీలం రంగు, ఆమె వేసిన రంగు, ఒక చోట బ్రష్షు వెంట్రుక అతుక్కుని ఉంది. చేపలు పైనే ఉన్నాయి కాసేపు. మూతులు ఒకటొకటిగా మూసుకున్నాయి. కిందికి దిగాయి. ముందు ఒకటి, దాని వెనక నాలుగు, చివరికి అన్నీ ఒకే లోతులో, ఒకే వైపు తిరగడం మొదలుపెట్టాయి.

లంగరు తాడు వదులైంది. పడవ తనంతట తను ఇటు తిరిగింది. "పోటు" అన్నాడు బావమరిది, చెయ్యి వెనక్కి చాపాడు. మెకానిక్ చేతులు తడుపుకుని, చల్లబడేదాకా ఉంచి, ఒక చేపను అరచేతిలో పట్టి అందించాడు. దారం దిగింది. ఆ తర్వాత దారం లాక్కుపోవడం, వదలడం, లాగడం, బావమరిది అరికాళ్లు పడవ అంచుకు తన్ని పట్టడం. పెద్దది ఒకటి వచ్చింది. ఇంకోటి వచ్చింది, మొదటిదంత కాదు. మూడోది తెంపుకుని పోయింది. చాలు. ఎర ఇంకా మిగిలే ఉంది, విచిత్రం, సగం పారబోశాక కూడా మిగిలింది. బావమరిది దారం చుట్టేసి, చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, తొట్టి మీద వంగి చూశాడు.

"అక్క పడవకి వస్తానంది" అన్నాడు. "రేపట్నుంచి తొట్టి తను చూసుకుంటుందట."

మెకానిక్ చప్పున లేచి నిలబడ్డాడు. "మరి ఇంటికి?"

"పడవకనే అంది."

పడవకు వస్తుంది. పొద్దున ఇక్కడికి వచ్చి, ఇక్కడ కూర్చుని, మణికట్టు మీద కొట్టి, సాయంత్రం రేవులో దిగి, అటు తిరిగి తమ్ముడింటికి వెళ్లిపోతుంది. తను ఇటు. అలా రోజూనా? అంతకంటే చూడకుండా ఉండటమే నయమేమో, కాదు, నయం కాదు, రానీ, రావాలి. "సగం వదిలేశానని చెప్పు" అన్నాడు. "ఎక్కువయ్యాయని తెలుసుకుని నేనే వదిలేశానని చెప్పు."

"తొట్టిలోనా, ఇంట్లోనా అని అడుగుతుంది బావా" అన్నాడు బావమరిది, నవ్వకుండా.

మెకానిక్ లంగరు లాగాడు, ఇంజిన్ స్టార్ట్ చేశాడు, మొదటి లాగుకే అందుకుంది, అతను బాగుచేసిన ఇంజిన్లన్నీ అలాగే అందుకుంటాయి. ఒడ్డు గీత కాస్త లావైంది. అత్తకు ఏం చెప్పాలి, అత్త ఉండాలి, అత్తకు తను తప్ప ఎవరూ లేరు, కానీ ఆ ఆదివారం నవ్వు గురించి అత్తతో మాట్లాడాలి. పంపు తిరిగి తెచ్చుకోవాలి. బీరువా అర ఖాళీ చెయ్యాలి. ముందు టైలరు. ఎలా మొదలుపెట్టాలి? పొమ్మన్నట్టు ఉండకూడదు. పొమ్మన్నట్టు ఉండకపోతే అతను పోడు, మర్యాదస్తుడు. చెల్లెలి మొహం చూస్తే మళ్లీ నోరు పెగలదు, పిల్లలు కాళ్లకు చుట్టుకుంటారు, మామా ఏం తెచ్చావు అంటారు, అంతా నీళ్లు కారిపోతుంది, అందుకే గుమ్మంలోనే, చెప్పులు విప్పకముందే అనేయాలి. ఒక చెయ్యి ఇంజిన్ మీద పెట్టి, రెండో చేత్తో అలవాటుగా మగ్గు ముంచి తొట్టిలో పోస్తూ, ఎలా ఉంటుందో విందామని ఆ మాటను పైకి అన్నాడు.

"బావగారూ, ఆ గది ఇంకా ఖాళీగానే ఉందా?"

ఇంజిన్ చప్పుడులో తనకే సరిగ్గా వినపడలేదు. ముందున్న వాడికి ఎలా వినపడిందో ఏమో, మెల్లగా తల తిప్పాడు.

"ఖాళీగానే ఉంది. నిన్న అక్క వెళ్లి చూసొచ్చింది."

ఎవరి కోసం, టైలరు కోసమా ఆమె కోసమా, అని అడగబోయి మానేసి, మెకానిక్ మగ్గు పక్కన పెట్టి ఇంజిన్ వేగం పెంచాడు.